యూరియా బస్తాలోని ఉదజని

సహకార సంఘం గోదాము ముందు తెల్లవారకముందే మొదలయ్యే వరసను, మనిషికి బదులుగా వరసలో నిలబడే చెప్పుల జతలను ఎరగని పల్లె మన రెండు రాష్ట్రాల్లోనూ ఉండదు. ఆ వరసలో ఉన్న రైతును హైడ్రోజన్ గురించి అడిగితే నవ్వి ఊరుకుంటాడు. అయితే అతను మోసుకెళ్లే 45 కిలోల యూరియా బస్తా తయారవడానికి ఎక్కడో ఒక కర్మాగారంలో 4.5 కిలోల హైడ్రోజన్ ఖర్చయింది. అందులో మూడో వంతు తయారీలోనే నీరై పోతుంది, మిగతాది బస్తాలోనే ఉంటుంది. జపాన్‌లోనో కాలిఫోర్నియాలోనో కొందరు కొని మురిసిపోయే హైడ్రోజన్ కారు ట్యాంకులో పట్టేది కూడా దాదాపు అంతే, ఐదారు కిలోలు. భవిష్యత్తు ఇంధనంగా పత్రికలు వర్ణించే వాయువు మన పొలాలకు ఏనాడో చేరింది, కాకపోతే తెల్లటి గుళికల రూపంలో చేరింది.

పాతికేళ్లు ఒక ఎరువుల కర్మాగారంలో, హైడ్రోజన్‌ను గాలిలోని నత్రజనితో కలిపి యూరియాకు ముడిసరుకైన అమ్మోనియా చేసే విభాగంలో షిఫ్టు డ్యూటీలు చేసినవాణ్ణి గనక ఈ విషయంలో నాకు కొంత పక్షపాతం ఉందని ముందే ఒప్పుకుంటాను. అయినా నా వాదన పక్షపాతం మీద కాదు, లెక్కల మీద నిలబడుతుందనుకుంటున్నాను. హైడ్రోజన్‌ను మనం ఇంధనమని పిలవడం మొదలుపెట్టినప్పటి నుంచీ తప్పుదారి పట్టాము. అది ప్రధానంగా ముడిసరుకు. దాన్ని కాల్చుకోవడానికో, మళ్లీ కరెంటుగా మార్చుకోవడానికో పెట్టే ప్రతి రూపాయినీ ముందుగా ఎరువుల కర్మాగారానికి, ఆ తర్వాత చమురు శుద్ధి కర్మాగారానికి, ఆపైన ఉక్కు కొలిమికి పెట్టి చూడాలి. అక్కడ మిగిలితేనే బస్సులూ రైళ్లూ.

పాత తెలుగు వాచకాల్లో దీని పేరు ఉదజని. నీటికి జన్మనిచ్చేదని అర్థం చెప్పినా, నీటి నుంచి పుట్టేదని చెప్పినా రెండూ నిజమే కావడం ఆ మాటలోని అందం. 1783 ప్రాంతంలో ఫ్రెంచి శాస్త్రవేత్త లావోయిజే గ్రీకు పదాలతో పెట్టిన పేరు మొదటి అర్థాన్నే చెబుతుంది. రెండో అర్థాన్ని 1800లో నికల్సన్, కార్లైల్ అనే ఇద్దరు ఆంగ్లేయులు నీటిలోకి విద్యుత్తును పంపి రుజువు చేశారు. ఈ రెండు అర్థాల మధ్యనే మన చిక్కంతా ఉంది. బొగ్గు, చమురు లాగా ఉదజని భూమిలో సిద్ధంగా దొరికే సంపద కాదు, మరొక దాని నుంచి విడదీసి తెచ్చుకోవలసినది. విడదీయడానికి పెట్టిన శక్తి కంటే తిరిగి రాబట్టే శక్తి ఎప్పుడూ తక్కువే. మాలి దేశంలోని బూరాకెబూగూ గ్రామంలో 1987లో నీటి కోసం తవ్విన బావిలోంచి దాదాపు స్వచ్ఛమైన హైడ్రోజన్ వచ్చింది. పాతికేళ్ల తర్వాత దానితో ఆ ఊరికి కరెంటు తయారు చేశారు. అప్పటి నుంచి సహజ హైడ్రోజన్ కోసం అన్వేషణలు ఊపందుకున్నాయి. దొరికితే మంచిదే, కాని దొరకని నిధిని నమ్ముకుని విధానాలు రాసుకోలేము.

ప్రపంచం 2023లో వాడిన హైడ్రోజన్ సుమారు 9.7 కోట్ల టన్నులని అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్క. అందులో కాలుష్యం తక్కువగా తయారైనది ఒక్క శాతం కూడా లేదు. దాదాపు మొత్తం చమురు శుద్ధికీ, అమ్మోనియాకూ, మిథనాల్‌కూ, ఇనుప ఖనిజాన్ని లోహంగా మార్చడానికీ ఖర్చయింది. వాహనాలకు పోయినది లెక్కలోకి రానంత తక్కువ. అంటే కొత్తగా గిరాకీ సృష్టించవలసిన పని లేదు. ఉన్న గిరాకీని మురికిదారి నుంచి మంచిదారికి మళ్లించడమే కొన్ని దశాబ్దాలకు సరిపడే పని.

ఈ మురికిదారికి మన దగ్గరే ఒక చరిత్ర ఉంది. రామగుండంలో 1980లో ఉత్పత్తి మొదలుపెట్టిన పాత ఎరువుల కర్మాగారం బొగ్గును వాయువుగా మార్చి అందులోంచి హైడ్రోజన్ తీసేది. యంత్రాల పొత్తు కుదరక, కరెంటు కోతలు తట్టుకోలేక నష్టాల్లో కూరుకుపోయి 1999లో అది మూతపడింది. అదే చోట 2021లో మొదలైన కొత్త కర్మాగారం ఏటా 12.7 లక్షల టన్నుల యూరియా చేసే సామర్థ్యంతో సహజ వాయువు మీద నడుస్తోంది. కాకినాడలో 1990ల నుంచీ ప్రధానంగా గ్యాసుతో యూరియా చేశారు. ఇప్పుడు అదే కాకినాడలో నీటినుంచి హైడ్రోజన్ తీసి అమ్మోనియా చేసే ప్రయత్నం జరుగుతోంది. బొగ్గు, గ్యాసు, నీరు అనే మూడు మజిలీల్లోనూ కావలసిన అణువు ఒకటే, మారుతున్నది దానికి జత ఏమిటన్నదే. బొగ్గులోనూ గ్యాసులోనూ జతగా కార్బన్ వస్తుంది, నీటిలో ఆక్సిజన్ వస్తుంది.

మూడో మజిలీ కొత్తదని మాత్రం అనుకోవద్దు. నార్వేలోని ర్యుకాన్ దగ్గర జలపాతం కరెంటుతో నీటిని విడదీసి ఎరువులు చేయడం 1920ల చివర్లోనే మొదలైంది. మన దేశంలో 1960ల మొదట్లో పంజాబులోని నంగల్ కర్మాగారం భాక్రా జలవిద్యుత్తుతో సరిగ్గా అదే పని చేసింది. ఈ రోజు మనం గ్రీన్ అమ్మోనియా అని గొప్పగా చెప్పుకుంటున్నది మన తాతల కాలంలోనే మన నేల మీద తయారైంది. కరెంటుకు ఇతర గిరాకీ పెరిగి, చమురూ గ్యాసూ చవకగా దొరకడంతో ఆ పద్ధతి వెనకబడింది. ఈ కథలో నాకు కనిపించేది రసాయనశాస్త్రపు ఓటమి కాదు. కరెంటు ధరే అంతా తేల్చింది, ఇప్పుడూ అదే తేలుస్తుంది.

గ్యాసు దారి ఎలా ఉంటుందో నేను కళ్లతో చూసినది చెబుతాను. రిఫార్మర్ అనే కొలిమికి పక్కగోడలో చిన్న చిన్న కిటికీలు ఉంటాయి. రాత్రి షిఫ్టులో నల్లద్దం అడ్డం పెట్టుకుని వాటిలోంచి చూస్తే, వరసలు కట్టి వేలాడే పొడవాటి గొట్టాలు పండిన నారింజ రంగులో మెరుస్తుంటాయి. ఎక్కడైనా ఒక గొట్టం మీద తెల్లటి మచ్చ కనిపిస్తే అక్కడ లోపలి నికెల్ ఉత్ప్రేరకం చచ్చిపోయిందని, గొట్టం మితిమీరి కాగుతోందని అర్థం. ఆ గొట్టాల్లో 800 డిగ్రీల పైన మీథేనూ నీటి ఆవిరీ కలిసి హైడ్రోజన్‌గా, కార్బన్ మోనాక్సైడ్‌గా విడిపోతాయి. తర్వాతి పాత్రల్లో ఆ మోనాక్సైడ్ మరికొంత ఆవిరితో కలిసి ఇంకొంత హైడ్రోజన్‌నూ, కార్బన్ డయాక్సైడ్‌నూ ఇస్తుంది. ఈ దారిలో కిలో హైడ్రోజన్‌కు 9 నుంచి 10 కిలోల కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. కేంద్ర ప్రభుత్వం 2023 ఆగస్టులో ప్రకటించిన ప్రమాణం ప్రకారం గ్రీన్ హైడ్రోజన్ అనిపించుకోవాలంటే అది 2 కిలోలు దాటకూడదు.

ఇక నీటి దారి. కిలో హైడ్రోజన్‌ను విడదీయడానికి నేటి యంత్రాలకు 50 నుంచి 55 యూనిట్ల కరెంటు కావాలి. మన యూరియా బస్తాకు కావలసిన 4.5 కిలోలకు దాదాపు 235 యూనిట్లవుతుంది. ఒక మధ్యతరగతి ఇల్లు వేసవిలో నెల పొడవునా వాడుకునే కరెంటు అది. యూనిట్ 4 రూపాయలకు దొరికినా కరెంటు ఖర్చే 940 రూపాయలు. రైతు ఆ బస్తాకు చెల్లించేది 266 రూపాయల 50 పైసలు. మిగతా భారం ఇప్పటికే సబ్సిడీ రూపంలో ఖజానా మోస్తోంది. ఈ ఒక్క లెక్క చూస్తే గ్రీన్ యూరియా గురించిన ఉపన్యాసాలు ఎంత తేలికైనవో తెలుస్తుంది.

పైగా యూరియా విషయంలో మరొక మెలిక ఉంది, అమ్మోనియా విభాగంలో పనిచేసినవాళ్లకు తప్ప బయట దాన్ని ప్రస్తావించేవాళ్లు తక్కువ. టన్ను యూరియాకు 570 కిలోల దాకా అమ్మోనియాతో పాటు 730 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ కావాలి. గ్యాసు కర్మాగారంలో హైడ్రోజన్ తీసేటప్పుడు పుట్టే కార్బన్ డయాక్సైడే పక్క విభాగానికి వెళ్లి యూరియాలో కలుస్తుంది. నీటి నుంచి హైడ్రోజన్ తీస్తే ఈ తోడు ఉండదు. అప్పుడు యూరియా కోసం ఏ సిమెంటు కర్మాగారం పొగగొట్టం నుంచో ఆ వాయువును పట్టి తేవాలి. అంత కష్టపడి తెచ్చినదీ యూరియా వేసిన కొద్ది రోజులకే మడిలో విడిపోయి తిరిగి గాలిలో కలుస్తుంది. కాబట్టి నీటి దారికి మొదటి బేరం యూరియా కాదు, డీఏపీ. 50 కిలోల డీఏపీ బస్తాలో నత్రజని 9 కిలోలు, దానికి కావలసిన హైడ్రోజన్ 2 కిలోల లోపు, కార్బన్ అవసరమే లేదు. విశాఖలోనూ కాకినాడలోనూ ఉన్న కాంప్లెక్సు ఎరువుల కర్మాగారాలు అమ్మోనియాను ఓడల్లో విదేశాల నుంచి తెప్పించుకుంటున్నాయి. ఆ ట్యాంకుల్లోకి ఏ దారిన వచ్చిన అమ్మోనియా అయినా ఒకటే, యంత్రాల్లో ఒక్క బోల్టు కూడా మార్చనక్కరలేదు. ఇంత సులువైన తొలిమెట్టు హైడ్రోజన్‌కు మరే రంగంలోనూ లేదు. (వేయకుండా మిగిలిన యూరియా బస్తాయే అన్నిటికంటే చవకైన గ్రీన్ హైడ్రోజన్ అని మా సహోద్యోగి ఒకాయన అనేవారు. ఆ మాట నవ్వులాటకు అన్నదే గానీ, ఎకరానికి అవసరం లేని మూడో బస్తా చల్లే అలవాటును చూస్తే కొట్టిపారేయలేము.)

నీటిని కరెంటుతో విడదీసే విద్యుద్విశ్లేషణ యంత్రాల్లో (ఎలక్ట్రోలైజర్లలో) నాలుగు జాతులు ఇప్పుడు పోటీ పడుతున్నాయి. పాతది ఆల్కలైన్ రకం. కాస్టిక్ పొటాష్ ద్రావణంలో నికెల్ పలకలు, మధ్యలో వాయువులను విడిగా ఉంచే పొర ఉంటాయి. నంగల్‌లో పనిచేసినది ఈ జాతే. చవక, మన్నిక ఎక్కువ, అరుదైన లోహాలు అక్కర్లేదు. రెండోది ప్రోటాన్ పొర రకం. చిన్నది, చురుకైనది, సూర్యుడు మబ్బుచాటుకు వెళ్లి వచ్చినంత వేగంగా తగ్గి పెరగగలదు. అయితే దానికి ఇరిడియం కావాలి. ప్రపంచమంతా కలిపి ఏటా తీసే ఇరిడియం ఏడెనిమిది టన్నులు, అందులో అత్యధిక భాగం దక్షిణాఫ్రికాలో ప్లాటినం గనుల నుంచి ఉపఉత్పత్తిగా వస్తుంది. గిరాకీ పెరిగిందని దాన్ని ప్రత్యేకంగా తవ్వుకోలేము. అందుకే లోహం వాడకాన్ని పదో వంతుకు దించే పరిశోధనలు, ఆనయాన్ పొరతో నికెల్‌నే వాడుకుంటూ ఆ చురుకుదనం సాధించాలని చూసే మూడో జాతి యంత్రాలు ముఖ్యమవుతున్నాయి. పొరల ఆయుష్షే ఈ మూడో జాతికి ఇంకా బలహీనత.

నాకు ఎక్కువ ఆశ ఉన్నది నాలుగోదాని మీద. సాలిడ్ ఆక్సైడ్ రకం 700 డిగ్రీలకు పైన, నీటికి బదులు ఆవిరిని విడదీస్తుంది. శక్తిలో కొంత భాగాన్ని వేడి రూపంలో తీసుకుంటుంది గనక కిలోకు కావలసిన కరెంటు 40 యూనిట్ల దాపులోకి దిగుతుంది. ఆ వేడి ఎక్కడి నుంచి వస్తుందన్నది ప్రశ్న. అమ్మోనియా తయారయ్యే చర్య వేడిని వెలువరించే చర్య. మా కర్మాగారంలో ఆ వేడితోనే ఆవిరి కాచేవాళ్లం. ఈ రెంటినీ పక్కపక్కన పెడితే ఒకదాని మిగులు మరొకదాని మేత అవుతుంది. మధ్యలో పింగాణీ పలకలు పగలడం, కాలం గడిచేకొద్దీ పనితనం తగ్గడం వంటి గండాలున్నాయి. అయినా హైడ్రోజన్‌ను ఎరువుతో ముడిపెట్టినవారికే ఈ లాభం అందుతుంది, వాహనంలో పోసేవారికి అందదు.

యంత్రం ఏ జాతిదైనా అసలు తగవు దాని పని గంటలతో. సౌర విద్యుత్తు మంచి ఎండలో ఆరేడు గంటలు గట్టిగా వస్తుంది. కోట్లు పోసి కొన్న యంత్రం మిగతా 17 గంటలు ఖాళీగా కూర్చుంటే వడ్డీ మాత్రం కూర్చోదు. ఆల్కలైన్ యంత్రాన్ని బాగా తగ్గించి నడిపితే మరొక ప్రమాదం కూడా ఉంది. ఆక్సిజన్ ఉత్పత్తి తగ్గిపోతుంది గానీ పొరలోంచి అటు జారే హైడ్రోజన్ అంతగా తగ్గదు, దాంతో ఆక్సిజన్‌లో హైడ్రోజన్ పాలు పెరుగుతుంది. అది 4 శాతానికి చేరితే మంటకు సిద్ధమైన మిశ్రమం, అందుకే 2 శాతం దగ్గరే యంత్రం తనంతట తాను ఆగిపోయేలా అమరుస్తారు. అమ్మోనియా విభాగం మరీ మొండిది. ఒకసారి మా దగ్గర వోల్టేజీ క్షణకాలం పడిపోయి కంప్రెసర్ ట్రిప్ అయితే, అంతా మళ్లీ వేడెక్కి, పీడనం పట్టి, మొదటి చుక్క అమ్మోనియా కనబడేసరికి రెండు షిఫ్టులు మారాయి. 400 డిగ్రీలకు పైన, 150 వాతావరణ పీడనాల్లో వాయువులు తిరుగుతుండే లూపును మబ్బులతో పాటు ఊయల ఊపలేము.

ఈ కారణంగానే నంద్యాల జిల్లా పిన్నాపురంలోని పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు హైడ్రోజన్ కథలో భాగమైంది. పగటి సౌర విద్యుత్తుతో నీటిని పై జలాశయానికి తోడి, రాత్రి కిందికి వదిలి 1,680 మెగావాట్ల దాకా తీసుకోగల ఏర్పాటు అది. దాన్ని కట్టిన గ్రీన్‌కో వ్యవస్థాపకులదే ఏఎం గ్రీన్ సంస్థ. కాకినాడలో ఏటా 10 లక్షల టన్నుల గ్రీన్ అమ్మోనియా తయారీకి ఆ సంస్థ 2024 ఆగస్టులో తుది పెట్టుబడి నిర్ణయం తీసుకుంది. ఎండా గాలీ నీటి నిల్వా కలిసి రోజంతా కరెంటు ఇవ్వగలిగితేనే ఆ పద్దు కుదురుతుంది. ఎలక్ట్రోలైజర్ ధర ఎంత తగ్గిందన్నది వార్తల్లో ఎక్కువగా వినిపిస్తుంది. నేనైతే అది ఏడాదిలో ఎన్ని గంటలు నడుస్తుందని ముందు అడుగుతాను.

నీటి గురించి భయపడేవారికి ఒక లెక్క. 2023 జనవరిలో 19,744 కోట్ల రూపాయలతో ఆమోదం పొందిన జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్ 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నుల ఉత్పత్తిని లక్ష్యంగా పెట్టుకుంది. కిలోకు 9 లీటర్ల చొప్పున అందులోకి పోయే నీరు 1.6 టీఎంసీలు. శుద్ధి, చల్లదనం అన్నీ కలుపుకుని మూడు రెట్లనుకున్నా 5 టీఎంసీలు దాటదు. దేశం మొత్తానికి అది పెద్ద సంఖ్య కాదు, తీరప్రాంతంలో సముద్రపు నీటినీ శుద్ధి చేసుకోవచ్చు. కరెంటు సంగతి అలా కాదు. ఆ 50 లక్షల టన్నులకు 26,000 కోట్ల యూనిట్లు కావాలి, అది దేశంలో ఇప్పుడు ఏటా ఉత్పత్తయ్యే విద్యుత్తులో దాదాపు ఏడో వంతు. అనకాపల్లి జిల్లా పూడిమడక దగ్గర 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేసిన ఎన్టీపీసీ హబ్ పూర్తి స్థాయికి చేరితే రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్ తీయాలి. దానికి రోజుకు 7.8 కోట్ల యూనిట్లు పడుతుంది. ఆంధ్రప్రదేశ్ మొత్తం రోజువారీ వాడకంలో అది మూడో వంతు దాకా ఉంటుంది. ఇంత ఖరీదైన కరెంటుతో తీసిన వాయువును ఏం చేస్తామన్నది ఆషామాషీగా తేల్చే విషయం కాదు.

ఫ్యూయెల్ సెల్ అంటే నాకు చిన్నచూపు లేదు. 1839లో విలియం గ్రోవ్ చేసి చూపిన ఆ తిరుగు ప్రయాణం, హైడ్రోజన్‌నూ ఆక్సిజన్‌నూ మండించకుండా కలిపి కరెంటు పుట్టించడం, రసాయనశాస్త్రంలోని సొగసైన పనుల్లో ఒకటి. అపోలో వ్యోమగాములు దాని కరెంటే వాడుకున్నారు, అందులో పుట్టిన నీళ్లే తాగారు. హైదరాబాదు ప్రధాన కేంద్రంగా ఉన్న ఏఆర్‌సీఐ సంస్థకు చెన్నైలో ఫ్యూయెల్ సెల్ పరిశోధనకు ప్రత్యేక కేంద్రమే ఉంది. అయినా తిరుగు ప్రయాణానికి ఖర్చు ఎంతో సింహాద్రి ఉదాహరణలో చూడండి. విశాఖ దగ్గర సింహాద్రి థర్మల్ కేంద్రంలో ఎన్టీపీసీ 2021లో ఒక మైక్రోగ్రిడ్‌ను, అంటే చిన్న స్థానిక విద్యుత్ వ్యవస్థను, ప్రకటించింది. పక్కనున్న జలాశయం మీద తేలే సౌరఫలకాల కరెంటుతో 240 కిలోవాట్ల యంత్రం పగలు హైడ్రోజన్ తీస్తుంది. సాయంత్రం 5 నుంచి ఉదయం 7 దాకా 50 కిలోవాట్ల ఫ్యూయెల్ సెల్ దాన్ని తిరిగి కరెంటు చేస్తుంది. పగలు ఆరు గంటలు పూర్తిగా నడిచిందనుకుంటే లోపలికి పోయేది 1,440 యూనిట్లు, రాత్రంతా నిండుగా ఇచ్చినా బయటికి వచ్చేది 700. ఇది ఆ రంగంలో అత్యంత సమర్థమైన సాంకేతికతతో వేసిన లెక్క, మామూలు యంత్రాలతో మూడో వంతే మిగులుతుంది. బ్యాటరీలో పెట్టి ఉంటే 1,200 పైచిలుకు తిరిగి వచ్చేవి. అడవి మధ్యనో లద్దాఖ్ కొండల్లోనో ఇటువంటి ఏర్పాటుకు అర్థం ఉంది. గ్రిడ్ అందుబాటులో ఉన్న చోట ఇది ప్రయోగశాల పాఠమే.

వాహనాల సంగతీ ఇంతే. 700 బార్ల పీడనంతో హైడ్రోజన్ నింపుకునే టయోటా మిరాయ్ కారు 2014లో మార్కెట్లోకి వచ్చింది. కాలిఫోర్నియాలో కార్ల కోసం పెట్టిన బంకులను షెల్ సంస్థ 2024లో మూసేసింది. జర్మనీలో 2022లో హైడ్రోజన్ రైళ్లను అట్టహాసంగా ప్రవేశపెట్టిన లోయర్ సాక్సనీ రాష్ట్రమే ఆ తర్వాతి రైళ్లకు బ్యాటరీని ఎంచుకుంది. మన రైల్వేలో విద్యుదీకరణ దాదాపు పూర్తయిన తరుణంలో, హర్యానాలోని జింద్–సోనిపత్ మార్గానికి ఒక హైడ్రోజన్ రైలు తయారవడంలో హైదరాబాదు సంస్థ మేధా సర్వో పాలుపంచుకోవడం ఇంజినీరింగు పరంగా గర్వకారణమే. తీగ ఉన్న పట్టాల మీద ట్యాంకు మోసుకుని తిరగడం ఎందుకన్న ప్రశ్న మాత్రం మిగులుతుంది. 2025 మార్చిలో కేంద్రం 208 కోట్ల సాయంతో 37 బస్సులూ ట్రక్కులనూ పరీక్షించడానికి ఎంచుకున్న మార్గాల్లో విశాఖ నుంచి అనకాపల్లి మీదుగా బయ్యవరం దాకా జాతీయ రహదారి కూడా ఉంది. పరీక్షలను నేను వ్యతిరేకించను, బరువైన దూరప్రయాణపు ట్రక్కుల్లో తేలవలసింది ఇంకా ఉంది. ఆ 37 వాహనాల్లో 22 ఫ్యూయెల్ సెల్‌వి కావు, ఇంజిన్‌లో హైడ్రోజన్‌ను నేరుగా మండించేవి. అంత ఖరీదైన వాయువును మామూలు ఇంజిన్‌లో మండించడమంటే గంధపుచెక్కతో నీళ్లు కాచుకోవడమే.

ఇందులో ఒక వింత ఉంది. ఫ్యూయెల్ సెల్‌కు ఈ మధ్య నిజంగా పెద్ద గిరాకీ వచ్చినది అమెరికాలో, కృత్రిమ మేధ కోసం కడుతున్న డేటా కేంద్రాల నుంచి. బ్లూమ్ ఎనర్జీ వంటి సంస్థలు అక్కడ పెడుతున్న సాలిడ్ ఆక్సైడ్ సెల్స్ చాలావరకు సహజ వాయువు మీద నడుస్తున్నాయి. గ్రిడ్ కనెక్షన్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడలేక వాళ్లు కొంటున్నారు, పర్యావరణం కోసం కాదు. ఫ్యూయెల్ సెల్ భవిష్యత్తూ హైడ్రోజన్ భవిష్యత్తూ ఒకటేనని ఇన్నాళ్లూ అనుకున్నాము, అవి అప్పుడే విడి కాపురాలు పెట్టాయి.

ఉక్కు విషయంలో రసాయనం స్పష్టంగానే ఉంది. ఇనుప ఖనిజంలోని ఆక్సిజన్‌ను బొగ్గుకు బదులు హైడ్రోజన్ లాక్కుపోతుంది, టన్ను ఇనుముకు సుమారు 54 కిలోలు పడుతుంది. స్వీడన్‌లో 2021లో అలా చేసిన ఉక్కు కొనుగోలుదారుకు చేరింది. 2025లో ఆర్సెలర్ మిట్టల్ జర్మనీలో తన ప్రయత్నాన్ని విరమించుకుంది, కరెంటు ధర కుదరక. చవక జలవిద్యుత్తు ఉన్న ఉత్తర స్వీడన్‌లో నడిచినది అది లేని చోట నడవలేదు. విశాఖ ఉక్కుకు ఇది రేపటి పని కాదు, ఎల్లుండిది.

భద్రత గురించి కూడా అనుభవం మీద ఒక మాట. హైడ్రోజన్ మంట పగటి వెలుగులో కంటికి కనిపించదు. నేను చేరిన కొత్తలో ఒక పెద్దాయన చీపురుకట్టను ముందుకు చాచి పైపుల మధ్య మెల్లగా నడుస్తుంటే నవ్వుకున్నాను. పైపులు కలిసే ఒక ఫ్లాంజి దగ్గర ఆ చీపురు కొస దానంతట అది భగ్గుమన్నాక నవ్వు ఆగిపోయింది. నార్వేలో 2019లో ఒక హైడ్రోజన్ బంకు పేలిపోవడానికి కారణం అధిక పీడన ట్యాంకుకు సరిగా బిగించని బోల్టులు. ఇంత చిన్న అణువును కర్మాగారంలో శిక్షణ పొందిన నలుగురు కాపలా కాయగలరు, రోడ్డు పక్కన వెయ్యి బంకుల్లో కాయడం వేరు. అమ్మోనియాకు మంట భయం తక్కువ గానీ ఊపిరి భయం ఎక్కువ. 2023 డిసెంబరు 26 రాత్రి చెన్నై ఎన్నూరులో సముద్రగర్భ పైపు నుంచి అది లీకై జనం ఇళ్లు వదిలి పరుగులు తీశారు. 2020లో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ లీకైన రాత్రిని చూసిన విశాఖ ప్రజలు ఇటువంటి ప్రాజెక్టుల గురించి ప్రశ్నలడిగితే వారిని అభివృద్ధి నిరోధకులనడం అన్యాయం. గాలిలోకి జారిన హైడ్రోజన్ మీథేన్ ఆయుష్షును పెంచి, వందేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే 11 రెట్లకు పైగా వేడి పెంచుతుందని 2023 నాటి అధ్యయనం తేల్చింది. దూరాలకు పైపులు వేయకుండా తయారైన చోటే వాడుకోమని చెప్పడానికి ఇది మరొక కారణం.

ధరల గాలి ఎటు వీస్తోందో 2025 వేలాలు చెప్పాయి. పానిపట్ శుద్ధి కర్మాగారానికి గ్రీన్ హైడ్రోజన్ కిలో 397 రూపాయలకు ఖరారైంది. అదే ఏడాది ఎరువుల కర్మాగారాలకు గ్రీన్ అమ్మోనియా సరఫరా కోసం జరిగిన మొదటి వేలంలో, ప్రభుత్వ ప్రోత్సాహకం అండతో, కిలో 55 రూపాయల 75 పైసలు పలికింది. అందులోని హైడ్రోజన్ భాగానికి తిప్పి లెక్కేస్తే, అమ్మోనియాగా మార్చిన ఖర్చుతో సహా, కిలో 316 రూపాయలే. పదేళ్లపాటు ఎంత కొంటామో ముందే చెప్పిన కొనుగోలుదారు ఉండటం వల్ల ఈ తేడాలో కొంతైనా వచ్చిందని నా నమ్మకం. గల్ఫ్ నుంచి వచ్చే మామూలు అమ్మోనియాతో దీనికింకా తేడా ఉంది, కానీ గ్యాసు ధర ఒక్క యుద్ధంతో ఎగబాకిన 2022ను చూసినవారికి ఆ తేడా శాశ్వతమనిపించదు.

ఇన్నిటి మధ్య నాకున్న అసంతృప్తి ఒక్కటే. మన తీరంలో మన ఎండతో చేయబోయే అమ్మోనియాలో పెద్ద భాగం ఐరోపా కొనుగోలుదారులను దృష్టిలో పెట్టుకుని, వాళ్ల ప్రమాణాల సర్టిఫికెట్లతో సిద్ధమవుతోంది. ఎక్కువ ధర ఇచ్చేవారికి అమ్ముకోవడంలో వ్యాపారిని తప్పుపట్టలేము. దేశం ఏటా 20 లక్షల టన్నులకు పైగా అమ్మోనియాను దిగుమతి చేసుకుంటూ, అదే రేవు నుంచి మంచి అమ్మోనియాను ఎగుమతి చేయడం మాత్రం వింతగా ఉంటుంది. ఉత్పత్తి మొదలయ్యాక కాకినాడ వెళ్లినప్పుడు ఎలక్ట్రోలైజర్ల షెడ్డు చూడమని మిత్రులు అంటున్నారు. దాని ఫొటోలు చాలానే చూస్తాము. నేను చూడదలుచుకున్నది, మంచు పట్టిన ఆ అమ్మోనియా ట్యాంకు అడుగు నుంచి బయలుదేరే పైపు జెట్టీ వైపు తిరుగుతుందా, పక్కనే ఉన్న డీఏపీ కర్మాగారం గోడ వైపు తిరుగుతుందా అన్నది.